మోటరు నీళ్ళను గుంజదు

నేను ముప్పై నాలుగేళ్ళు సర్కారు బడుల్లో భౌతికశాస్త్రం చెప్పాను. మొదటి నాలుగేళ్ళూ పిల్లలతో వల్లెవేయించాను తప్ప పాఠం చెప్పలేదు. ఆ సంగతి ఏ అధికారీ నాకు చెప్పలేదు, ఏ శిక్షణ తరగతిలోనూ తెలియలేదు. తిరుమలగిరి దగ్గర ఒక బావి గట్టున తెలిసింది.

రిటైరయ్యాక సూర్యాపేటలో ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, గొప్ప గొప్ప ఆవిష్కరణల గురించి చెప్తుంటే పిల్లలు ఆవలిస్తున్నారు. ఏం చేయమంటారు?" అని అడుగుతారు. టీ తాగే పది నిమిషాల్లో చెప్పగలిగిన జవాబు కాదు. అందుకే రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, జీవోలు ఇందులో ఉండవు. నేను చేసిన రెండు తప్పులూ, నేను గర్వపడే ఒకటి రెండు రోజులూ ఉంటాయి.

ఒక సంగతి ముందే చెప్తాను. ఇందులో శాస్త్రవేత్తల పేర్లు రాయడం లేదు. అవి మీ పాఠ్యపుస్తకంలో ఉన్నాయి. పేరూ సంవత్సరమూ బోర్డు మీద రాయగానే పిల్లలు పాఠం అయిపోయిందనుకుంటారు. పరీక్షలో అడిగేది అదేనని వాళ్ళకు తెలుసు. క్లాసులో కూడా నేను పేరు ఆఖరి రోజు చెప్పేదాన్ని.

బావి గట్టున

అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. తిరుమలగిరి దగ్గర ఒక మెట్ట ఊళ్ళో పనిచేసేదాన్ని. పత్తి, మిర్చి వేసేవాళ్ళు. ఇప్పటిలా పొలానికో బోరు ఉండేది కాదు, బావుల మీదే సేద్యం. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బావుల్లో నీళ్ళు రోజురోజుకూ దిగిపోతున్నాయి.

తొమ్మిదో తరగతిలో సరిత అనే అమ్మాయి ఉండేది. ఒకరోజు పాఠం అయిపోయాక లేచి నిలబడింది.

"మేడం, మా బాయిల నీళ్ళున్నయ్. మోటరు గూడ తిరుగుతున్నది. గని నీళ్ళు ఎక్కుతలేవు. ఎందుకట్ల?"

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "నీళ్ళు లోతుకు పోయాయి కదా, మీ మోటరు బలం చాలడం లేదు. ఇంకా పెద్ద మోటరు అయితే గుంజుతుంది" అన్నాను.

ఎంత ధీమాగా చెప్పానో ఇప్పటికీ గుర్తుంది. సరిత ఇంటికి వెళ్ళి నాన్న యాదయ్యతో ఆ మాటే చెప్పింది. చదువుకున్న పంతులమ్మ చెప్పిన మాట కదా, ఆయన నమ్మాడు. పాలిచ్చే బర్రెను అమ్మి, మూడు హెచ్‌పీ మోటరు తీసి ఐదు హెచ్‌పీది బిగించాడు.

పది రోజుల తర్వాత యాదయ్య బడికి వచ్చాడు. నేను వరండాలో ఉన్నాను. చెప్పులు గేటు దగ్గర విడిచి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. కొట్లాటకు వచ్చిన మనిషిలా లేడు.

"పంతులమ్మా, మీరు చెప్పినట్టే పెద్ద మోటరు తెచ్చిన. గది సుత గుంజుతలేదు. మిర్చి తోట వాడిపోతున్నది. ఇగ ఏం జెయ్యాలె?"

ఆయన తిట్టి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది. ఇంకా నన్నే అడుగుతున్నాడు.

ఆదివారం వాళ్ళ పొలానికి వెళ్ళాను. యాదయ్య తిరుమలగిరి నుంచి ఖాజా అనే మెకానిక్‌ను పిలిపించాడు. మోటర్ల వైండింగ్ దుకాణం ఆయనది. నలభై దాటిన మనిషి, బక్కగా, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆయన మోటరు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలాడు. రాయి నీటిని తాకగానే తాడు మీద ముడి వేసి, పైకి లాగి మూరలతో కొలిచాడు.

"ముప్పై ఎనిమిది అడుగులున్నది. గిట్లయితే ఎట్ల ఎక్కుతది యాదయ్యా? ఇరవై ఐదు దాటితేనే పరేషాన్. ముప్పై దాటినంక మోటరు తాగనే తాగది."

"ఐదు హెచ్‌పీ పెట్టాం కదా?" అన్నాను నేను.

"ఐదు గాదు మేడం, యాభై పెట్టుర్రి. తాగది. మోటరును కిందికి దింపాలె, అంతే."

"ఎందుకని?"

ఖాజా నవ్వాడు. "ఎందుకో నాకెర్క లేదు. మా ఉస్తాద్ చెప్పిండు. ఇరవై ఏండ్లసంది సూస్తున్న, ఎన్నడు తప్పలే. ఎందుకో మీ అసుంటి చదువుకున్నోళ్ళు చెప్పాలె."

రెండు రోజుల్లో బావి గోడకు గూడు తొలిచి, ఇనుప కమ్మీలు అడ్డంగా దించి, నీటికి పదిహేను అడుగుల ఎత్తున మోటరు కూర్చోబెట్టారు. ఏ మోటరు? పాత మూడు హెచ్‌పీదే. "గిదే సాలు" అన్నాడు ఖాజా. స్విచ్ వేయగానే పైపు దగ్గింది, బురద కక్కింది, తర్వాత తెల్లటి నీళ్ళు కాలువలో పడ్డాయి. యాదయ్య ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టి నిలబడ్డాడు.

తోట సగం బతికింది. ఐదు హెచ్‌పీ మోటరును ఖాజా పక్క ఊళ్ళో ఎవరికో ఇప్పించాడు. అమ్మిన బర్రె మాత్రం తిరిగి రాలేదు.

డెబ్బై ఆరు

మోటరు దించిన సాయంత్రం సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. "ఎందుకో చదువుకున్నోళ్ళు చెప్పాలె" అన్న మాట మనసులో తిరుగుతోంది. ఏ ఊరు దాటిందో తెలియని పరధ్యానంలో, వాతావరణ పీడనం ఎంత అని నన్ను నేనే అడిగాను. డెబ్బై ఆరు సెంటీమీటర్ల పాదరసం. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. డిగ్రీలో చదివాను, బీఈడీలో చదివాను, ఏటా పిల్లలతో చదివిస్తున్నాను. పాదరసం నీటి కంటే ఎన్ని రెట్లు బరువు? పదమూడు పాయింట్ ఆరు. బస్సు టికెట్ వెనక గుణించాను. వెయ్యి ముప్పై మూడు సెంటీమీటర్లు. అంటే దాదాపు ముప్పై నాలుగు అడుగులు.

ఖాజా ఉస్తాద్ చెప్పిన లెక్కా, నా పుస్తకంలో ఉన్న లెక్కా ఒకటే. అది నా నోట్లో ఏళ్ళ తరబడి ఉంది. బావి దగ్గర నిలబడినప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. నాకు సిగ్గేసింది. దానితో పాటు, నిజం చెప్పాలంటే, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒళ్ళు ఝల్లుమంది.

తర్వాత దీని వెనక కథ వెతికి చదివాను. దాదాపు నాలుగు వందల ఏళ్ళ కింద ఇటలీలో పంపులు చేసేవాళ్ళకూ అచ్చం యాదయ్యకు వచ్చిన కష్టమే వచ్చింది. ముప్పై నాలుగు అడుగుల పైకి నీళ్ళు ఎక్కడం లేదు. ఆ కాలపు మహా పండితుణ్ణి అడిగారు. పొడుగాటి తాడు తన బరువుకు తానే తెగినట్టు, నీటి కంబం కూడా తన బరువుకు తెగిపోతుందేమో అన్నాడాయన. అది తప్పు. ఆయన శిష్యుడు ప్రశ్ననే తిరగేశాడు. నీటిని పైనుంచి ఎవరూ లాగడం లేదేమో, కింద నుంచే ఏదో నెడుతోందేమో అనుకున్నాడు.

నెట్టేది గాలి. మనం గాలి అనే సముద్రం అడుగున బతుకుతున్నాం. ఆ గాలికి బరువుంది. బావిలో నీటి మీద అది ఎప్పుడూ అదుముతూనే ఉంటుంది. మోటరు తన దగ్గరున్న నీటిని బయటికి తోసి, అక్కడ ఖాళీ చేస్తుంది. ఆ ఖాళీలోకి బావి మీది గాలి నీటిని నెడుతుంది. ముప్పై నాలుగు అడుగుల నీటి బరువు దాకా గాలి మోయగలదు, అంతకు మించి మోయలేదు. పైన ఎంత పెద్ద మోటరు పెట్టినా గాలి బలం పెరగదు. పైపుల్లో రాపిడి, అతుకుల్లో సందులు ఉంటాయి కాబట్టి పొలంలో ఆ లెక్క ఇరవై ఐదుకే దిగుతుంది. అదే మోటరు కింద కూర్చుంటే, పైకి తోసే పని తానే చేసుకుంటుంది. తోయడానికి మోటరు బలం పనికొస్తుంది.

ఆ శిష్యుడు నీటికి బదులు పాదరసం తీసుకున్నాడు. బరువైనది కాబట్టి ముప్పై నాలుగు అడుగుల గొట్టం అక్కర్లేదు, రెండు మూరల గాజు గొట్టం చాలు. ఆ తర్వాత ఫ్రాన్సులో ఇంకొకాయన అలాంటి గొట్టాన్ని తన బావతో కొండ మీదికి మోయించాడు. పైకి పోయినకొద్దీ పాదరసం దిగింది. ఎత్తుకు పోతే నెత్తి మీద గాలి తగ్గుతుంది కదా. ప్రపంచంలో వాతావరణ పీడనాన్ని కొలవడం ఇలా మొదలైంది. ఆ కథకు మూలం నీళ్ళు ఎక్కని ఒక బావి.

ఎర్ర నీళ్ళ పైపు

బస్సులో లెక్క తేలిన మర్నాడు హెడ్మాస్టరు గోపాలరావు గారి గదికి వెళ్ళి, క్లాసులో నేను చెప్పింది తప్పని పిల్లలకు చెప్పబోతున్నానన్నాను. ఆయన మంచి మనిషే. బడికి ఒక్కరోజు ఆలస్యంగా వచ్చి ఎరగడు. కానీ టీచరు తప్పు ఒప్పుకోవడం ఆయన లెక్కలో లేదు.

"చూడండి సుజాత గారూ, సరైనది ఇప్పుడు చెప్పండి, చాలు. తప్పు చెప్పానని మీరే అంటే రేపటి నుంచి మీ మాట ఎవరు వింటారు?"

"నా మాట విన్నందుకే సార్, యాదయ్య బర్రె పోయింది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వద్దని మాత్రం అనలేదు.

క్లాసులో జరిగిందంతా చెప్పాను. నేను చెప్పింది తప్పని చెప్పాను. మోటరు నీళ్ళను గుంజదని, గాలి నెడుతుందని బోర్డు మీద బొమ్మ వేశాను. సరిత లేచింది.

"మేడం, మొన్న మీరు చెప్తె నమ్మినం. గిప్పుడు గూడ మీరే చెప్తున్నరు. గాలి నూకుతదని సూపియ్యుర్రి."

ముప్పై నాలుగేళ్ళలో ఇంతకంటే న్యాయమైన మాట నాతో ఎవరూ అనలేదు.

ఊళ్ళో పంచాయతీ నీళ్ళ ట్యాంకు నలభై అడుగులు దాటి ఉంటుంది. ఆలోచన తేలికే. పొడుగాటి పైపు నిండా నీళ్ళు నింపి, పై కొసను గట్టిగా మూసి, కింది కొసను బకెట్లో ముంచి, పైపును తాడుతో పైకి లాగాలి. నీళ్ళు ఎంత ఎత్తు దాకా నిలబడతాయో చూడాలి. ఖాజాను అడిగితే దుకాణం మూసేసి వచ్చాడు. పిల్లలెవరూ ట్యాంకు మెట్లు ఎక్కకూడదని గోపాలరావు గారు షరతు పెట్టారు. దూరంగా సున్నంతో గీత గీసి అందరినీ అవతల నిలబెట్టారు.

మొదటిసారి చెడింది. మేము తెచ్చింది మొక్కలకు నీళ్ళు పట్టే పలుచటి పైపు. ఇరవై అడుగులు పోయేసరికి పైభాగం నలిగి పట్టీలా అయిపోయింది. పిల్లలు నవ్వారు. నా ముఖం చిన్నబోయింది. సరిత మాత్రం నవ్వలేదు. "ఎవలో పిడికిట్ల పట్టి పిసికినట్టయింది మేడం" అంది. ఒక్క క్షణం ఆగి, "గాలేనా?" అని అడిగింది.

గాలే! చూపించమని అడిగినదానికి సగం జవాబు ఆ చెడిపోయిన ప్రయోగంలోనే దొరికింది.

వారం తర్వాత ఖాజా గట్టి పైపు తెచ్చాడు. లోపల తీగచుట్టు ఉండి నలగనిది, నీళ్ళు బయటికి కనిపించేది. ఐదేసి అడుగులకు గుడ్డపీలికలు కట్టాం. నీళ్ళలో ఎర్రసిరా కలిపాం. ఆ రోజు యాదయ్య కూడా వచ్చి వేప చెట్టు కింద నిలబడ్డాడు. బకెట్లో పైపు కొస తేలకుండా ఎవరైనా పట్టుకోవాలి. ఎవరా అని చూస్తుంటే గోపాలరావు గారు పంచె ఎగ్గట్టి వచ్చి బకెట్ ముందు కూర్చున్నారు.

ఖాజా పైనుంచి లాగుతున్నాడు. పిల్లలు గుడ్డపీలికలు లెక్కపెడుతున్నారు. "పదిహేను! ఇరవై! ఇరవై ఐదు!" పైపు నిండా ఎర్రగా ఉంది. "ముప్పై!" ఇంకా నిండుగానే ఉంది. ఇంకో రెండడుగులు లేచాక పైపు పైకొస తెల్లబడింది.

"ఆగింది! ఆగింది మేడం!"

ఖాజా ఇంకా లాగాడు. పైపు లేచింది, ఎర్ర గీత అక్కడే ఉంది. ఇంకా లాగాడు. గీత కదల్లేదు. దాని పైన పైపు ఖాళీ. ఎర్ర నీటి అంచున సన్నటి బుడగలు లేస్తున్నాయి. "మసులుతున్నయ్ మేడం!" అని ఎవరో అరిచారు. నిజంగానే మసిలినట్టుంది, పొయ్యి లేకుండానే.

గోపాలరావు గారు బకెట్ వదలకుండా తల పైకెత్తి అడిగారు: "మీరు ముప్పై నాలుగన్నారు. ముప్పై రెండే వచ్చిందేం?"

"నీళ్ళలో కరిగి ఉన్న గాలి బయటికి వచ్చింది సార్. కొంత ఆవిరి కూడా చేరింది. అవి పైనుంచి కొద్దిగా అదుముతున్నాయి. మనది సముద్రం కంటే ఎత్తున్న ప్రాంతం కాబట్టి గాలి బరువు కూడా కొంచెం తక్కువే."

ఆయన తల ఊపారు. బడిలో పాఠం గురించి ఆయన నన్ను ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

ఖాజా కిందికి దిగి వచ్చి పైపు వైపు చూశాడు. "ఇరవై ఏండ్లసంది మోటర్లు దింపుతున్న. గాలికి తాకత్ సాలక దింపుతున్ననని ఇయ్యాల తెలిసింది" అన్నాడు. యాదయ్య నా దగ్గరికి వచ్చాడు. "మంచిగ తెలిసింది పంతులమ్మా. ఇంకోనికి చెప్పేటప్పుడు గిట్ల సూసి చెప్పుర్రి" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. మెత్తదనమూ లేదు. నాకు వచ్చిన ఏ మెమో కూడా అంత సూటిగా లేదు.

చప్పట్ల జబ్బు

రెండో తప్పు మిర్యాలగూడలో చేశాను. అది మొదటిదాని కంటే సన్నటిది. సన్నటిది కాబట్టి ఏళ్ళ తరబడి సాగింది.

అప్పటికి పైపు ప్రయోగం వల్ల నాకు కొంత పేరు వచ్చింది. మిర్యాలగూడ బడికి మూడంతస్తుల భవనం ఉంది, కాబట్టి పని ఇంకా సులువు. ఏటా సైన్సు దినోత్సవం నాడు పైపు ఎత్తేదాన్ని. అధికారులు వచ్చేవాళ్ళు, రైసుమిల్లుల యజమానులు వచ్చేవాళ్ళు, పేపర్లో ఫోటో పడేది. ఎర్ర గీత ఆగగానే బడంతా చప్పట్లు. నేను మైకులో ఐదు నిమిషాల్లో వివరించేదాన్ని. చాలా బాగా మాట్లాడేదాన్ని. అందులో అబద్ధం లేదు.

ఒక ఏడు ప్రయోగం అయిన రెండో రోజు, వేరే టీచరు సెలవు పెడితే ఆమె తరగతికి వెళ్ళాను. ఊరికే కూర్చోవడం ఎందుకని, "నిన్న పైపులో నీళ్ళు ఎందుకు ఆగాయో రాయండి" అన్నాను. కాగితాలు తీసుకుని స్టాఫ్ రూములో చదివాను. "పైపు పొడుగు అయిపోయింది గనుక." "పైన ఉన్న ఖాళీ నీళ్ళను పట్టుకుంది గనుక." ఒక అమ్మాయి "మేడం ఆపమన్నారు గనుక" అని రాసింది. సరిగ్గా రాసినవాళ్ళు నలుగురో ఐదుగురో.

తిరుమలగిరి దగ్గరి ఆ ఊళ్ళో పిల్లలకు ప్రశ్న ముందు పుట్టింది, జవాబు తర్వాత వచ్చింది. వాళ్ళ బావుల్లో నీళ్ళు ఎక్కడం లేదు. ఇక్కడ పిల్లలకు ఏ ప్రశ్నా లేదు. వాళ్ళకు నేను గారడీ చూపించాను.

మరుసటి ఏడు నుంచి మైకు మానేశాను. పైపు ఎత్తే ముందు ప్రతి పిల్లా నీళ్ళు ఎక్కడ ఆగుతాయో, ఎందుకు ఆగుతాయో తన నోటుబుక్కులో రాయాలి. ప్రయోగం అయ్యాక ముందుగా తప్పు రాసినవాళ్ళనే మాట్లాడించేదాన్ని. తాడులా తెగుతుందని రాసినవాళ్ళు ప్రతి ఏడూ ఉండేవాళ్ళు. వాళ్ళతో, "ఇటలీ పండితుడు కూడా అచ్చం నీలాగే అనుకున్నాడు" అంటే వాళ్ళ ముఖాలు చూడాలి! తప్పు చేసినా గొప్పవాళ్ళ పక్కన కూర్చున్నట్టు వెలిగేవి.

దీనికి ఆరు పీరియడ్లు పట్టేవి. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన, "మీ సిలబస్ రెండు పాఠాలు వెనకబడింది" అన్నాడు. "అవును సార్, ఈ పాఠం మాత్రం వెనకబడలేదు" అన్నాను. రిజిస్టర్లో ఎర్ర ఇంకుతో ఏదో రాశాడు. దాని వల్ల నాకు ఏ నష్టమూ రాలేదు. కొత్తవాళ్ళు ఇలాంటి ఎర్ర ఇంకుకు అనవసరంగా భయపడతారు. ఏడాదికి రెండు మూడు పాఠాలు మనసుపెట్టి నిదానంగా చెప్పండి, మిగతావి వేగంగా నడపండి. అన్నీ ఒకే వేగంతో చెప్తే ఏదీ మిగలదు.

తాటిచెట్టు

నా ఆఖరి బడి కోదాడ దగ్గర ఒక ఊళ్ళో. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. చుట్టుపక్కల టీచర్లకు నమూనా పాఠం చెప్పమని పై అధికారులు అడిగారు. గాలి పీడనం పాఠమే ఎంచుకున్నాను. క్లాసు వెనక ఇరవైమంది టీచర్లు, ముందు వరసలో జిల్లా నుంచి వచ్చిన అధికారి.

పాఠం చక్కగా నడిచింది. చివర "ఏమైనా సందేహాలున్నాయా?" అన్నాను. మౌనిక అనే పిల్ల చెయ్యెత్తింది. వాళ్ళ నాన్న వెంకన్న గౌడ్ తాటిచెట్లు గీసి కల్లు తీస్తాడు. ఆ ఏడంతా ఆ పిల్ల నోరు విప్పింది లేదు.

"మేడం, గాలి నీళ్ళను ముప్పై నాలుగు అడుగులే నెడతది అన్నారు కదా. మా నాన్న ఎక్కే తాటిచెట్టు అరవై అడుగులుంటది. దానికి మోటరు కూడా లేదు. మరి పైన మట్టల దాకా నీళ్ళెట్లా పోతున్నయి?"

ముప్పై రెండేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను. ఒక్కసారి కూడా నాకీ ప్రశ్న తట్టలేదు. పచ్చని చెట్లు పాఠమంతా కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాయి.

"నాకు తెలియదు మౌనికా. తెలుసుకుందాం" అన్నాను.

వెనక టీచర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అధికారి గొంతు సవరించుకుని, "అది బయాలజీ వాళ్ళది, సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాడు. ఆ పిల్ల చటుక్కున కూర్చుంది. తర్వాత తోటి టీచరు ఒకామె మౌనికను వరండాలో ఆపి, పెద్దవాళ్ళ ముందు మేడం పరువు తీస్తావా అని మందలించిందట.

ఆ సంగతి నాకు మర్నాడు వెంకన్న గౌడ్ వస్తే తెలిసింది. భయపడుతూ వచ్చాడు.

"మేడం, మా పిల్ల ఏదో తెలియక అడిగిందంట. జర మనసుల పెట్టుకోకండి. నిన్నటి నుంచి బడికి రానని ఏడుస్తుంది."

"నీ కూతురు అడిగిన ప్రశ్న ఇరవైమంది టీచర్లలో ఎవరికీ రాలేదు గౌడ్. నాకూ రాలేదు. దాన్ని పంపు. నేను జవాబు వెతుకుతున్నానని చెప్పు."

ఆయన నమ్మలేదు. చివరికి నేనే వాళ్ళింటికి వెళ్ళి పిల్లను వెంటబెట్టుకుని వచ్చాను. ప్రార్థన సమయంలో బడి మొత్తం ముందు ఆ ప్రశ్న మళ్ళీ అడిగించాను. "దీనికి జవాబు మీ సైన్సు మేడంకు తెలియదు. మౌనికా నేనూ కలిసి వెతుకుతున్నాం" అని అందరికీ చెప్పాను.

కోదాడలో బోటనీ చెప్పే ఒక లెక్చరరు దగ్గరికి ఇద్దరం నాలుగు శనివారాలు వెళ్ళాం. శాస్త్రవేత్తలు కూడా దీని మీద చాలాకాలం వాదించుకున్నారని ఆయన చెప్పాడు. సూక్ష్మదర్శినిలో కాండం ముక్క చూపించాడు. వెంట్రుక కంటే సన్నటి గొట్టాలు, వేలకొద్దీ. ఆకుల మీది కంటికి కనిపించని రంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోతుంటే, పోయే ప్రతి చుక్కా తన వెనకదాన్ని లాగుతుంది. అంత సన్నటి గొట్టంలో, మధ్యలో గాలి బుడగ లేనంతవరకూ, నీటి కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడంతో నీరు దారంలా సాగుతుంది, తెగదు. మోటరు చేయలేని పని ఆకు చేస్తుంది. చెట్టు నీళ్ళను నిజంగానే గుంజుతుంది.

ఇది విని మౌనిక నవ్విన నవ్వు నా సర్వీసు మొత్తంలో నాకు దక్కిన బహుమతి.

పాఠం నేను చెప్పలేదు. మౌనికనే చెప్పమన్నాను. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. మొదట గొంతు వణికింది. బొమ్మ వేయడం మొదలుపెట్టాక సర్దుకుంది. వేళ్ళు, గొట్టాలు, మట్టలు అన్నీ వేసి, ఆకు ఎలా లాగుతుందో చెప్పింది. క్లాసు శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి లేచింది.

"మరి ఎండాకాలం మోదుగ చెట్టుకు ఒక్క ఆకు కూడా ఉండదు కదా. నిండా పూలుంటయి. ఆకుల్లేకుండా ఆ పూలకు నీళ్ళెట్లా పోతయి?"

క్లాసంతా మౌనిక వైపు తిరిగింది. మౌనిక నా వైపు చూసింది. నాకు కొంత తెలుసు, కొంత తెలియదు. తెలిసింది కూడా చెప్పబుద్ధి కాలేదు.

మౌనిక చేతికంటిన సుద్ద లంగాకు తుడుచుకుంది. "నాకు తెలియదు" అంది, గొంతు ఏమాత్రం వణకకుండా. "బడి వెనక మోదుగ చెట్టుంది. ఇంటర్వెల్‌లో పోయి చూద్దాం, ఎవరెవరు వస్తరు?"

చేతులన్నీ లేచాయి.